వడ్ల సెంటర్లో ఊప్స్: హాలియా కుర్రాడితో ఎనిమిది నెలలు

నల్లగొండ క్లాక్ టవర్‌కి దగ్గర్లో మా ఇంటి పై గదిలో వారానికి మూడు సాయంత్రాలు ప్రోగ్రామింగ్ చెబుతాను. పగలు నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంది, ఇంటి నుంచే చేస్తాను. గదిలో ఎప్పుడూ ఐదారుగురికి మించి ఉండరు. వాళ్లలో ఒక కుర్రాడి గురించి రాస్తున్నాను. రాసింది అతనికి చూపించాను, సరేనన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ఊరు హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. డిగ్రీ కంప్యూటర్స్ చదివాడు, జావా అనే ప్రోగ్రామింగ్ భాష పేపర్ పాసయ్యాడు. 2025 మార్చిలో వచ్చి కూర్చున్న మొదటి రోజే, "మేడం, నాకు ఊప్స్ వచ్చు. ఇంటర్వ్యూలల్లనే అటకాయిస్తున్నరు" అన్నాడు. ఊప్స్ అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, వివరాలనీ వాటితో చేసే పనులనీ ఆబ్జెక్టులనే ముక్కలుగా కలిపి ప్రోగ్రామ్ రాసే పద్ధతి.

వచ్చు అంటే ఏం వచ్చో చూద్దామని అడిగాను. ఊప్స్‌కి నాలుగు స్తంభాలని పుస్తకాలు చెప్పే మాటలున్నాయి. ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, నాలుగూ పదమూడో ఎక్కంలా గడగడా చెప్పాడు. కుక్క జంతువు నుంచి వస్తుంది, కారు వాహనం నుంచి వస్తుంది. క్లాస్ అంటే బ్లూప్రింట్, ఆబ్జెక్ట్ అంటే దాంతో కట్టిన ఇల్లు. తప్పేమీ లేదు. తర్వాత ఒక చిన్న పని ఇచ్చాను. బత్తాయి కమీషన్ దుకాణానికి లెక్కల ప్రోగ్రామ్ రాయాలి, కోడ్ తర్వాత, ముందు ఏయే క్లాసులు ఉంటాయో కాగితం మీద పెట్టు అన్నాను. పది నిమిషాల్లో రైతు, బత్తాయి, ట్రే, లారీ, దుకాణం అని ఐదు పెట్టెలు గీశాడు. ఒక్కో పెట్టెలో నాలుగైదు వివరాలు, పేరు, ఊరు, బరువు, ధర. పని మాత్రం ఏ పెట్టెలోనూ లేదు. పనంతా బయట మెయిన్ అనే ఒక పెద్ద ఫంక్షన్‌లో ఉంది. అది పెట్టెల్లోంచి అంకెలు తీసుకుని లెక్క కట్టి మళ్లీ పెట్టెల్లో పెడుతుంది.

ఇలా రాసినా ప్రోగ్రామ్ నడుస్తుంది. చిన్న పనికి చాలు కూడా. కానీ ఇది క్లాస్ అని పేరు పెట్టుకున్న గోనెసంచి. ఆ కాగితం తీసి దాచాను, చివర్లో మళ్లీ దాంతో పని పడింది.

నేను వృథా చేసిన మూడు వారాలు

మొదటి మూడు వారాలు నేనూ పుస్తకాల దారిలోనే పోయాను. బొమ్మలు గీశాను, బాణాలు పెట్టాను, బ్యాంక్ అకౌంట్ ఉదాహరణ చెప్పాను. కుర్రాడు తలూపాడు. తలూపడం చూసి మోసపోవడం చెప్పేవాళ్లకి పాత జబ్బు.

జావా వద్దు, పైథాన్ అనే ఇంకో భాషలో చేద్దాం అన్నది కూడా నేనే. రాయాల్సింది తక్కువ, తొందరగా ఫలితం కనిపిస్తుంది అనుకున్నాను. ఆ నిర్ణయం మే నెలలో మా ఇద్దరికీ రెండు సాయంత్రాలు తిండి సహించకుండా చేసింది. అది తర్వాత చెబుతాను.

ఏప్రిల్ మొదటి వారంలో అతను రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, యాసంగి కోతలు మొదలైనయి, అమ్మ వాళ్ల సంఘం వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతోంది, నోటుబుక్ నేనే రాస్తున్న అన్నాడు. ప్రభుత్వానికి పోయే ఎంట్రీ ట్యాబ్‌లో విడిగా జరుగుతుంది. కానీ ఎవరి కుప్ప ఎప్పుడొచ్చింది, తేమ ఎంత, ఎన్ని సంచులు కాంటా అయినయి, ఏ లారీకి ఎక్కినయి అనేది వాళ్ల అమ్మ తన నోటుబుక్కులో పెట్టుకుంటుంది. ఎవరైనా గొడవకొస్తే ఆ నోటుబుక్కే సాక్ష్యం.

బత్తాయి దుకాణం వదిలెయ్, ఆ నోటుబుక్కే మన ప్రోగ్రామ్ అన్నాను. ఒక ఆదివారం నేనే బస్సెక్కి వాళ్ల సెంటర్‌కి పోయాను.

"కాంటా అయినంక దిద్దుడు లేదు"

రోడ్డు వెంట, కల్లాల మీద ఎటు చూసినా వడ్లే. కుప్ప మీద పట్టా, పట్టా మీద రాళ్లు. వాళ్ల అమ్మని నేను అక్కా అని పిలిచాను. ఆమె నన్ను చివరిదాకా మేడం అనే అన్నది. నేను అడిగినవన్నీ ఒకటే రకం ప్రశ్నలు. ఇది ఎవరికి తెలుసు? ఎవరు చెబితే నడుస్తుంది? ఎవరు మార్చొచ్చు?

తేమ 17 శాతం దాటితే ఏమైతది అక్కా? "కాంటా పెట్టం. మళ్ల ఎండబోసుకోవాలె." సంచికి ఎంత? "40 కిలోలు, సంచి బరువు అలగ్." తప్పు రాస్తే కొట్టేస్తవా? ఆమె నోటుబుక్ మూసి నా వైపు చూసింది. "కొట్టేసుడు లేదు మేడం. ఒక్కసారి కాంటా అయినంక దిద్దుడు లేదు. తప్పు వడితే కింద ఇంకో లైను రాస్త, ఎందుకు రాసిననో గూడ రాస్త. పైన గీకితే రేపు ఎవ్వడు నమ్మడు."

కొడుకు పక్కనే నిలబడి విన్నాడు. సాయంత్రం అతని లాప్‌టాప్‌లో అప్పటిదాకా రాసిన కోడ్ తెరిచి, కుప్ప బరువు అన్న అంకెని ఎక్కడెక్కడ మారుస్తున్నావో వెతకమన్నాను. మూడు చోట్ల ఉంది. కాంటా దగ్గర ఒకచోట, రసీదు ప్రింటు చేసేటప్పుడు రౌండ్ చేయడానికి ఒకచోట, లారీ ఎక్కించేటప్పుడు ఇంకోచోట. "మీ అమ్మ నోటుబుక్కులో ముగ్గురు మనుషులు వచ్చి పెన్నుతో దిద్దిపోతున్నట్టుంది కదా" అన్నాను. అతను ఏం మాట్లాడలేదు. కాసేపటికి తనే అన్నాడు, "అంటే బరువు అసలు అంకె లెక్క ఉండొద్దు మేడం. అడిగితే కుప్పే లెక్కగట్టి చెప్పాలె."

అంతే. నేను మూడు వారాలు బొమ్మలు గీసి చెప్పలేనిది ఇదే. కుప్ప దగ్గర కాంటా లైన్ల జాబితా ఉంటుంది. కొత్త లైన్ చేర్చమని దాన్ని అడగొచ్చు, మొత్తం బరువు ఎంతో అడగొచ్చు. లైన్లని బయటివాళ్లు ముట్టుకోరు. దిద్దుబాటు కూడా ఒక లైనే, దానికి కారణం రాయాలి. ఎన్‌క్యాప్సులేషన్‌కి డేటా దాచడం అని అర్థం చెబితే పిల్లలకి దాచడం ఎందుకో అర్థం కాదు. దొంగలెవరున్నారని దాచడం? మాట మీద నిలబడే బాధ్యత ఒకరికి అప్పజెప్పాలంటే, మిగతావాళ్ల చేతులు అందులో పడకూడదు. అదీ సంగతి.

జావాలో ప్రైవేట్ అని రాస్తే బయటి కోడ్ నేరుగా తాకలేదు, కోడ్‌ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. పైథాన్‌లో పేరుకి ముందు ఒక కింది గీత పెడతాం, అది తాళం కాదు, మర్యాద. అతనికి ఇది నచ్చలేదు, ఎవడైనా ముట్టుకోవచ్చు కదా అన్నాడు. మీ అమ్మ నోటుబుక్కుకి తాళం ఉందా అని అడిగాను.

ఆ వారంలోనే ఇంకో మంచి ఘట్టం. కుప్పకి దశలు పెట్టాడు. ఆరబోత, తేమ సరిపోయింది, కాంటా అయింది, లారీ ఎక్కింది. తేమ సరిపోకముందే కాంటా పెట్టమని అడిగితే కుప్ప ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ సందేశం ఏం రాశాడో చూస్తే, "నేను ఇంక ఎండలే" అని ఉంది. గదిలో అందరం నవ్వాం. కానీ ఆ కుర్రాడికి ఆబ్జెక్ట్ అంటే ఏంటో అర్థమైంది సరిగ్గా అక్కడే అని నా నమ్మకం. అడిగితే జవాబు చెప్పేది, కుదరకపోతే కుదరదనేది.

ఆబ్జెక్టుల ఆలోచన పుట్టిందే ఇలాంటి పనుల కోసం. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా భాష తయారు చేసింది సిమ్యులేషన్ల కోసం, అంటే బయట జరిగే పనులని, క్యూల్లో నిలబడి వంతు కోసం ఎదురుచూసే వాటిని, కంప్యూటర్లో నడిపి చూడడానికి. సిమ్యులా 67లో క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ వచ్చేశాయి. ఇద్దరికీ కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2001కి దక్కింది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనే పేరు పెట్టిన అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఆలన్ కే, ఆ పేరు వల్ల అందరి చూపూ ఆబ్జెక్టుల మీద పడింది, అసలు విషయం వాటి మధ్య నడిచే సందేశాలు అని తర్వాత వాపోయాడు. కాంటా కోసం వరసగా ఆగిన కుప్పల్ని చూస్తూ ఇదంతా అతనికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు, కానీ ఆ రోజు అతని ధ్యాస అంతా మబ్బు మీద ఉంది, వాన వస్తే కుప్పలు తడుస్తాయని.

ఇంకో చిన్న ముచ్చట. పైథాన్ 3లో క్లాసులకి, వేరియబుల్స్‌కి తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు. కుప్ప, కాంటా, రైతు అని హాయిగా రాసుకున్నాడు, భాష కీలక పదాలు మాత్రం ఇంగ్లీషువే. ఒకరోజు సెంటర్‌పేరు అని రాస్తే ప్రోగ్రామ్ మొరాయించింది. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డు ఒక కనపడని అక్షరం పెడుతుంది, పైథాన్‌కి అది గిట్టదు. రెండు మాటల మధ్య కింది గీత పెట్టి రాస్తే సరిపోయింది.

ఒకరి సంచులు ఇంకొకరి రసీదులో

మే రెండో వారం. ఒక రైతు 62 సంచులు, తర్వాత ఇంకో రైతు 38 సంచులు. ఒక్కో రైతుకి రసీదు తీస్తే మొత్తం బరువు సరిగ్గానే ఉంది, రెండో రైతుకి 15.2 క్వింటాళ్లు. గ్రేడ్ ఏ రకానికి మద్దతు ధర అప్పుడు క్వింటాలుకి 2,320 రూపాయలు, లెక్క 35,264. సన్నాలు, అంటే సన్న రకం వడ్లు, కాబట్టి క్వింటాలుకి 500 చొప్పున బోనస్ 7,600. అంతా సరే. కానీ రసీదు కింద సంచుల వివరం చూస్తే 38 లైన్లు ఉండాల్సిన చోట 100 ఉన్నాయి.

అతను ప్రింటు తప్పనుకున్నాడు. ప్రింటు చేసే కోడ్‌ని రెండు సాయంత్రాలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొత్తం సరిగ్గా ఉంది కాబట్టి కుప్ప క్లాస్ మీద అనుమానమే రాలేదు. నేను కూడా మొదటి రోజు అదే గుంటలో పడ్డాను. రెండో రోజు క్లాస్ పైభాగం చూస్తే తెలిసింది. క్లాస్ పేరు కిందనే, ఇనిట్ (కొత్త ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే భాగం) బయట, రెండు లైన్లు. కుప్ప తన లోపలే కూడుకుంటూ పోయే మొత్తం సున్నా అని ఒకటి, కాంటాలు ఖాళీ జాబితా అని ఒకటి.

జావా అలవాటు. జావాలో క్లాస్ లోపల అలా రాస్తే ఆబ్జెక్టుకి ఒకటి చొప్పున వస్తుంది. అందరికీ కలిపి ఒక్కటే కావాలంటే స్టాటిక్ అని చెప్పాలి. పైథాన్‌లో అదే చోట రాస్తే అది క్లాస్‌కి చెందినది, అన్ని ఆబ్జెక్టులకీ ఉమ్మడి. ఎవరిది వాళ్లకి కావాలంటే ఇనిట్ లోపల సెల్ఫ్‌కి, అంటే ఆ ఒక్క ఆబ్జెక్టుకి, తగిలించాలి. ఇద్దరు రైతుల కుప్పలూ ఒకే జాబితాలో సంచులు వేసుకుంటూ పోయాయి. ఒక్క రైతుతో పరీక్షించినన్నాళ్లూ తప్పు బయటపడలేదు.

మరి మొత్తం ఎందుకు సరిగ్గా వచ్చింది? అతను వదల్లేదు, వదలకపోవడమే మంచిదైంది. అంకెకి ఇంకో అంకె కలిపితే పాత అంకె మారదు, కొత్త అంకె పుడుతుంది, దాన్ని సెల్ఫ్ పేరు మీద రాసుకుంటుంది. అంటే మొదటి కూడికతోనే ఆ కుప్పకి సొంత మొత్తం ఏర్పడింది. జాబితాకి చేర్చడం అలా కాదు, ఉన్న జాబితాలోనే ఇంకోటి పడుతుంది, కొత్త జాబితా పుట్టదు. "సెంటర్ గోడ మీద బోర్డు ఉంది కదా, అది అందరిదీ. పాసుబుక్ ఎవరిది వాళ్లది. నువ్వు సంచులన్నీ బోర్డు మీద రాశావు" అన్నాను. అతను వెంటనే, "మొత్తం మాత్రం బోర్డు చూసి పాసుబుక్కుల ఎక్కించుకున్నరు" అన్నాడు. నా పోలికని నాకంటే బాగా పూర్తి చేశాడు.

దీన్ని ముందే ఆపగలిగేదాన్నా? ఆపగలిగేదాన్ని. జావా నుంచి వచ్చేవాళ్లకి మొదటి వారంలోనే ఈ తేడా చెప్పాలని ఇప్పుడు నా నోటుబుక్కులో రాసుకున్నాను. కానీ అలా ముందే చెప్పి ఉంటే క్లాస్‌కి, ఆబ్జెక్టుకి తేడా అతనికి ఇంత లోతుగా దిగేదా అంటే, నాకు అనుమానమే.

గ్రాముల సంగతి కూడా అప్పుడే తేలింది. కిలోలని దశాంశాల్లో కలుపుతూ పోతే చివర ఎక్కడో తోకలొస్తాయి, 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది. బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో పెట్టి పూర్ణాంకాలు చేశాడు, అయిపోయింది.

సన్నాలు, దొడ్డువి

ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాస్ గుణాలు ఇంకో క్లాస్‌కి వారసత్వంగా రావడం, అతనికి మొదటి నుంచీ మోజు. జూన్‌లో సెంటర్ పని అయిపోయాక కూర్చుని వడ్లు అనే క్లాస్, దాని నుంచి సన్న వడ్లు, దొడ్డు వడ్లు అని రెండు పిల్ల క్లాసులు రాసుకొచ్చాడు. సన్న వడ్ల క్లాస్ ధరకి బోనస్ కలుపుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంది, పాఠ్యపుస్తకంలో పెట్టొచ్చు. సాధారణ రకం ధర 2,300 కదా, అది ఎక్కడ అని అడిగాను. దొడ్డు వడ్లని రెండుగా చీల్చాడు. తేమ ఎక్కువై మళ్లీ ఆరబోసినవి విడిగా చూపించాలంటే? ఒక్కోదానికీ ఇంకో జత. ఆరో క్లాస్ దగ్గర తనే ఆగి తల గోక్కున్నాడు.

సన్న వడ్లకీ దొడ్డు వడ్లకీ ప్రవర్తనలో తేడా లేదు. రెంటినీ ఆరబోస్తారు, తేమ చూస్తారు, కాంటా పెడతారు. తేడా ఉన్నది అంకెలో. అంకె తేడాకి క్లాస్ పుట్టించడం, రేషన్ కార్డు రంగు వేరని మనిషి జాతే వేరనడం లాంటిది. క్లాసులన్నీ పీకేసి, రకం అనే ఒక వివరం, ధరలు చెప్పే ఒక ఆబ్జెక్ట్ పెట్టాడు. కుప్ప ఆ ధరల ఆబ్జెక్టుని అడుగుతుంది.

ఇందులోనూ ఒక తప్పు మిగిలిపోయింది, నవంబర్ దాకా మా ఇద్దరికీ కనపడలేదు. ధరల్ని గోడమీది బోర్డు లాగా అందరికీ ఉమ్మడిగా పెట్టాడు, అప్పటికి అది సబబే అనిపించింది. వానాకాలం పంటకి గ్రేడ్ ఏ ధర 2,389 అయింది. అతను బోర్డు మీద అంకె మార్చాడు. మారుస్తూనే ఎందుకో మే నెల రసీదు తెరిచి చూశాడు. 35,264 ఉండాల్సింది 36,312 రూపాయల 80 పైసలు అయి కూర్చుంది. ఫైల్‌లో బరువులు మాత్రమే దాచాడు, డబ్బు ప్రతిసారీ కొత్తగా లెక్క కడుతోంది. ఆరు నెలల కింద డబ్బులు తీసుకున్న రైతుకి 1,048 రూపాయల 80 పైసలు బాకీ చూపిస్తోంది.

ఈసారి నన్ను అడగలేదు. ఏ సీజన్ ధరల పట్టికతో కొన్నారో ఆ పట్టికని కాంటా రోజే కుప్ప తన దగ్గర పెట్టుకునేలా మార్చేశాక ఫోన్ చేశాడు. "బోర్డు మారుతది మేడం, కొన్న రోజు బోర్డు మీద ఏముండెనో కుప్పకు యాదుండాలె."

పాలిమార్ఫిజం గురించి రాయడానికి పెద్దగా లేదు, ఎందుకంటే అది చెప్పకుండానే వచ్చేసింది. కాంటా లైను, దిద్దుబాటు లైను రెండూ వేర్వేరు క్లాసులు. నీ వల్ల బరువు ఎంత మారింది అని అడిగితే రెండూ ఎవరి జవాబు వాళ్లు చెబుతాయి. అడిగే కుప్పకి ఎదురుగా ఉన్నది ఏ రకం లైనో తెలియక్కర్లేదు. పైథాన్‌లో దీనికి ఉమ్మడి తల్లి క్లాస్ కూడా అవసరం లేదు. దీన్నే పాలిమార్ఫిజం అంటారని చెబితే, గింతేనా అన్నాడు.

మళ్లీ ఆ కాగితం

నవంబర్ చివర్లో మార్చి నాటి బత్తాయి పని మళ్లీ ఇచ్చాను, పాత కాగితం చూపించకుండా. ఈసారి పెట్టెలు గీయడానికి ముప్పావు గంట పట్టింది. ముందంతా ప్రశ్నలే. కమీషన్ ఎవరి పైసల్లకెల్లి కోస్తరు మేడం? టన్నుకు ఇంత అని తీసే సూట్ తూకంలనా, పైసలల్లనా? లారీ పోయినంక కాయ పాడైతే ఎవరి మీద వడ్తది? కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు, మార్కెట్లో తెలిసినవాళ్లకి ఫోన్ చేయాల్సి వచ్చింది. చివరికి మూడే పెట్టెలు వచ్చాయి, బత్తాయి అనే పెట్టె లేదు. ప్రతి పెట్టెలో వివరాల కంటే అడగదగ్గ ప్రశ్నలు ఎక్కువ ఉన్నాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మార్చి కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు, పాతది పడేయకండి మేడం అన్నాడు.

ఒక్క కుర్రాడితో జరిగింది కాబట్టి అందరికీ ఇలాగే పని చేస్తుందని అనను. అదే గదిలో ఉన్న ఇంకో అమ్మాయికి వడ్ల లెక్క అసలు ఎక్కలేదు, వాళ్లకి పొలం లేదు. ఆమెతో వాళ్ల నాన్న జిరాక్స్ షాపు తీసుకుని మొదలుపెట్టాం. ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి, అతనికి ఇంకా రాలేదు, రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. ఒకదాంట్లో మళ్లీ కుక్క, జంతువు అడిగారట.

ప్రోగ్రామ్‌ని 2025 వానాకాలంలో వాళ్ల అమ్మ నోటుబుక్కుతో పాటు నడిపారు. నోటుబుక్ మానలేదు, మానొద్దని నేనే చెప్పాను. ఒక చిక్కు ఇంకా తేలలేదు. సెంటర్లో కాంటా అయిన బరువుకీ, లారీ మిల్లులో దిగాక మిల్లు చెప్పే బరువుకీ ఒక్కోసారి తేడా వస్తుంది. ఆ తరుగుని కుప్ప దగ్గర లైనుగా రాయాలా, లారీ దగ్గరా? కుప్ప మీద రాస్తే రైతు మీద పడుతుంది కాబట్టి లారీ క్లాస్‌లో ఉండాలని నేనన్నాను. లారీకి వడ్ల మీద హక్కేముంది అని అతనన్నాడు. అక్కని అడిగితే, "మా దగ్గర కాంటా అయింది అయిందే. అటెనుక తరుగు మాది గాదు, రైతుది గాదు. ఎవరిదో మిల్లోళ్లనే చెప్పమనుండ్రి" అన్నది.

తరుగు అనే మెథడ్ (క్లాస్ లోపల ఉండే పని) పేరు లారీ క్లాస్‌లో ఒకటి, కుప్ప క్లాస్‌లో ఒకటి ఉన్నాయి. రెండింటి లోపలా ప్రస్తుతానికి పాస్ అని, అంటే ఏమీ చేయకు అని, ఒక్క మాటే ఉంది.